శాఖా గ్రంథాలయంలో పిల్లల పుస్తకం మీద తల్లిదండ్రులు ఫిర్యాదు చేస్తే ఏం చేయాలి

ఫిర్యాదు రాగానే చాలామంది చేసే మొదటి పని, ఆ పుస్తకాన్ని తీసి బల్ల సొరుగులో పడేయడం. వచ్చినాయన చల్లబడతాడు, ఆ సాయంత్రం గడిచిపోతుంది. కానీ ఆ పుస్తకానికి పరిగ్రహణ సంఖ్య (గ్రంథాలయంలో చేరినప్పుడు రిజిస్టర్‌లో పడే నంబరు) ఉంది, అది జిల్లా గ్రంథాలయ సంస్థ ఆస్తి. రేపు స్టాకు తనిఖీకి వచ్చినవాళ్లు ర్యాకులో చూస్తారు, ఇష్యూ రిజిస్టర్‌లో చూస్తారు. రెండు చోట్లా కనబడకపోతే లోటు కింద రాస్తారు. ఈలోగా మీకు బదిలీ అయితే సొరుగులో ఏముందో కొత్తగా చార్జి తీసుకున్నవారికి తెలియదు. లోటుకి సంజాయిషీ అడిగేది మిమ్మల్నే, ఆ రోజు కేకలేసి వెళ్లినాయన్ని కాదు.

అందుకే శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల శాఖా గ్రంథాలయాల్లోనూ, పల్లెల్లోని పుస్తక నిక్షిప్త కేంద్రాల్లోనూ పనిచేసేవారికి ముందుగా చెప్పేది ఇదీ: నోటిమాట మీద పుస్తకం తీయొద్దు, కాగితం చేతికి వచ్చాక ఆలస్యం చేయొద్దు.

బల్ల దగ్గర మొదటి పది నిమిషాలు

చాలా శాఖలు ఉదయం 8 నుంచి 11 వరకు, సాయంత్రం 4 నుంచి 7 వరకు తెరిచి ఉంటాయి. పిల్లల గురించి వచ్చేవాళ్లు దాదాపు అందరూ సాయంత్రమే వస్తారు, అంటే హాలు నిండా పిల్లలున్న వేళ. చాలాసార్లు సంబంధిత పిల్లవాడినీ చెయ్యిపట్టుకుని తీసుకొస్తారు. మొదట చేయాల్సింది వాడిని అక్కడి నుంచి తప్పించడం. అటెండరుతోనో, ఇంకో పెద్ద పాపతోనో బొమ్మల పుస్తకాల మూలకి పంపండి. పదిమందిలో "నువ్వు తెచ్చిన పుస్తకం వల్లే" అనిపించుకున్న పిల్లవాడు ఇక గ్రంథాలయం గడప తొక్కడు. పుస్తకం సంగతి తర్వాత ఎలాగైనా తేల్చుకోవచ్చు, పోయిన పాఠకుణ్ణి తిరిగి తెచ్చుకోవడం కష్టం.

పెద్దవాళ్లకి కుర్చీ వేయండి. నిలబడి మాట్లాడితే గొంతు పెరుగుతుంది, కూర్చుంటే తగ్గుతుంది. రెండు మూడు నిమిషాలు అడ్డుతగలకుండా విన్నాక మూడే ప్రశ్నలు అడగండి, ఇదే వరసలో. ఏ పేజీ అండీ? బాబు ఏమన్నాడు? మమ్మల్ని ఏం చేయమంటారు?

మొదటి ప్రశ్నతో పుస్తకం తెరుచుకుంటుంది, మాట అందులో ఉన్నదాని మీదికి వస్తుంది. తెచ్చినది వేరే చోటి పుస్తకమని, మన ముద్రే దాని మీద లేదని తేలే సందర్భాలూ ఉంటాయి. రెండో ప్రశ్న వల్ల పిల్లవాడు భయపడ్డాడా, ఏదైనా అడిగాడా, లేక వాడికేమీ పట్టకపోయినా పెద్దవాళ్లే చూసి ఉలిక్కిపడ్డారా అన్నది తెలుస్తుంది. మూడోది చాలా ముఖ్యం. "లైబ్రరీలోంచి తీసేయాలి" అంటారని మనం బిగుసుకు కూర్చుంటాం. నిజానికి ఎక్కువమంది కోరేది తమ పిల్లవాడికి ఇంకోటి ఇమ్మని, లేదా ఈసారి చూసి ఇమ్మని. ఆ కోరిక అక్కడికక్కడే తీరిపోతుంది.

మాట ఇలా నడవొచ్చు:

"ఏటండీ ఇది, పిల్లలకిచ్చే పుస్తకమేనా? మా గుంటడు రెండ్రోజులై రాత్రుళ్లు లేచి కూకుంటన్నాడు."

"కూర్చోండమ్మా. ఏ కథ చదివాడు?"

"ఇదిగో, ఈ సశానం కథ."

"బాబు ఎన్నో తరగతి?"

"మూడు."

"ఇవి పన్నెండేళ్లు దాటినవాళ్ల కథలమ్మా. కింద అరలో కలిసిపోయింది, అది మేం సర్దుకోవాలి. బాబుకి ఇప్పుడు వేరేది చూద్దాం రండి. ఈ పుస్తకం గురించి రాసిస్తానంటే ఫారం ఉంది, ఇస్తాను. రాయకపోయినా మా నోట్‌బుక్కులో నేను నమోదు చేసుకుంటాను."

అనకూడని మాటలు కొన్ని ఉన్నాయి. "మొత్తం చదివారా మీరు?" అన్నది నిజాయితీగా అడిగినా ఎత్తిపొడుపులాగే వినబడుతుంది. "పైనుంచి పంపినవి, మాకేం తెలుసు" అంటే మీ ర్యాకుల మీద మీకే పట్టు లేదని ఒప్పుకున్నట్టు. "ఇన్నాళ్లూ ఎవరూ అనలేదే" అంటే ఎదుటివారే అతి చేస్తున్నారని అర్థం. గ్రంథాలయ శాస్త్రానికి రంగనాథన్ 1931లో రాసిన అయిదు సూత్రాలు మనకి కంఠతా వచ్చు, వాటిని మాత్రం ఆ సమయంలో వల్లించొద్దు.

"పన్ను కడతన్నాం" అన్న మాట తప్పకుండా వస్తుంది. నిజమే, ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు వసూలవుతోంది. ఒప్పుకోండి. ఆ 8 పైసలు పక్కింటివాళ్లూ కడుతున్నారని, వాళ్ల పిల్లలూ అదే అరలోంచి తీసుకుంటారని మెల్లగా చెప్పండి. తన పిల్లవాడు ఏం చదవాలో చెప్పే హక్కు తల్లికీ తండ్రికీ పూర్తిగా ఉంది. ఊరి పిల్లలందరి తరఫునా చెప్పాలంటే మాత్రం కాగితం కావాలి. ఈ తేడా మీకు స్పష్టంగా ఉంటే సంభాషణ సగం దారికి వచ్చినట్టే.

నోట్‌బుక్కు, ఫారం

నోటి ఫిర్యాదులకి వంద పేజీల నోట్‌బుక్కు ఒకటి చాలు. తేదీ, పుస్తకం పేరు, పరిగ్రహణ సంఖ్య, పేజీ, అన్న మాట ఒక్క వాక్యంలో, చేసిన పని. పేర్లు అక్కర్లేదు. ఒకే పుస్తకం మీద మూడోసారి మాట వస్తే కాగితం కోసం ఆగకుండా మీరే తీసి చదవండి. ఈ నోట్‌బుక్కు లేకపోతే మూడు సార్లు వచ్చిన సంగతే తెలియదు. ఉదయం వచ్చిన మాట అటెండరు విని ఉంటాడు, సాయంత్రం వచ్చినది మీరు వింటారు.

ఫారం ఒక పేజీ దాటకూడదు, పెద్ద అక్షరాల తెలుగులో ఉండాలి. పేరు, ఫోన్ నంబరు, ఊరు, పుస్తకం పేరు, పరిగ్రహణ సంఖ్య, అభ్యంతరం ఉన్న పేజీలు, ఆ పేజీల్లో ఏముందో సొంత మాటల్లో, మొత్తం చదివారా కొంత చదివారా, పిల్లల వయసు, ఏం కోరుతున్నారు. ఈ చివరి గడిలో రెండు వరసలు విడిగా పెట్టండి: నా పిల్లలకి ఇవ్వొద్దు, ఎవరికీ ఇవ్వొద్దు. నింపేటప్పుడు మొదటి దానికే టిక్కు పెట్టి ఊరుకునేవాళ్లు తక్కువేం కాదు. ఆధార్ నంబరు అడగొద్దు, పిల్లల పేరు రాయించొద్దు. ఫైలు ఎన్ని చేతులు మారుతుందో చెప్పలేం, "4వ తరగతి పాప" అంటే సరిపోతుంది.

రాయడం రానివారికి మీరే రాసి, చదివి వినిపించి, సంతకమో వేలిముద్రో తీసుకోండి. వారి మాటల్ని గ్రాంథికంలోకి మార్చొద్దు. "పిల్లలు పాడైపోతారు" అన్నదాన్ని "నైతిక పతనానికి దారితీయును" అని రాస్తే ఫిర్యాదు మీదవుతుంది, వారిది కాదు. ఇన్వార్డు నంబరు (వచ్చిన కాగితాల రిజిస్టర్‌లోని నంబరు), తేదీ, ముద్ర వేసి నకలు ఇవ్వడం మరిచిపోవద్దు. నకలు లేకపోతే పై ఆఫీసుకి "ఇచ్చినా పట్టించుకోలేదు" అని రాస్తారు, కాదనడానికి మీ దగ్గర ఏమీ ఉండదు.

పదిమంది గుంపుగా వస్తే ఒకరు ఫారం రాసి మిగతావారు కింద సంతకాలు పెడితే చాలు. సంఘం లెటర్‌హెడ్ మీద వచ్చినదానికీ, చేనేత కార్మికుడి చేతిరాతలో వచ్చినదానికీ ఒకే దారి. పేరు లేని ఉత్తరాన్ని చదివి నోట్‌బుక్కులో ఎక్కించండి, జవాబు ఇవ్వాల్సిన పనిలేదు. రుజువు కోసమని పుస్తకాన్ని ఇంటికి పట్టుకెళ్తానంటే వారి సభ్యత్వ కార్డు మీద మామూలుగా ఇష్యూ చేయండి, సభ్యులు కాకపోతే హాల్లోనే చదవమనండి. ఊరికే చేతికిస్తే తిరిగి రాకపోవచ్చు, వచ్చినా ఆ పేజీ ఉండకపోవచ్చు.

గడువులు 1960 నాటి గ్రంథాలయ చట్టంలో వెతకొద్దు, అందులో పుస్తకాల మీద ఫిర్యాదుల సంగతి లేదు. మనమే పెట్టుకోవాలి: అందిన రోజే ఇన్వార్డు, 3 పనిదినాల్లో చదవడం, 7 రోజుల్లో జిల్లా గ్రంథాలయ సంస్థ కార్యదర్శి గారికి నోట్, 15 రోజుల్లో జవాబు. శుక్రవారం సెలవు కాబట్టి గురువారం వచ్చినదాని లెక్క శనివారం నుంచి మొదలవుతుంది. ఆ మాట నకలు ఇచ్చేటప్పుడే చెప్పండి.

పరిశీలన పూర్తయ్యేదాకా పుస్తకం ర్యాకులోనే ఉండాలి. ఒక్కటే ప్రతి ఉంటే మీరు చదవాలి కాబట్టి తీయక తప్పదు. అప్పుడు ఇష్యూ రిజిస్టర్‌లో "కార్యాలయ పరిశీలన" అని రాసి, తేదీ వేసి, 7 రోజుల్లో తిరిగి జమ చేయండి.

పుస్తకం చదవడం

ఇది దాటేసి నోట్ రాసేవాళ్లు ఉన్నారు, ఆ నోట్ చూస్తేనే తెలిసిపోతుంది. 32 పేజీల బొమ్మల పుస్తకానికి అరగంట చాలు, 150 పేజీల కథల సంపుటికి రెండు పూటలు పడుతుంది. మొదటిసారి ఫిర్యాదు ఫారం పక్కన పెట్టుకోకుండా, మొదటి నుంచి చివరిదాకా చదవండి. గుర్తుపెట్టిన పేజీ కోసం ఎదురుచూస్తూ చదివితే మిగతా పుస్తకం కనబడదు. రెండోసారి ఆ పేజీలని, ముందు రెండు, వెనక రెండు పేజీలతో కలిపి చదవండి. పిల్లల కథల్లో దొంగ దొంగతనం చేసిన పేజీ ఒకటి, పట్టుబడిన పేజీ ఇంకొకటి. వాట్సాప్‌లో తిరిగేది ఎప్పుడూ మొదటిదే.

చదివాక రాసుకోవాల్సినవి: ప్రచురణ సంవత్సరం, ఎలా వచ్చింది (కొనుగోలా, గ్రంథాలయాలకి పుస్తకాలిచ్చే రాజా రామ్మోహన్ రాయ్ ఫౌండేషన్ ద్వారానా, ఎవరైనా విరాళంగా ఇచ్చారా), ఏ వయసుకి రాసింది, ఎన్నిసార్లు ఇష్యూ అయింది. వయసు కోసం అట్ట వెనక చూడండి. ప్రథమ్ బుక్స్ వారి పుస్తకాల మీద 1 నుంచి 4 వరకు చదివే స్థాయి వేసి ఉంటుంది. అది భాష ఎంత కష్టమో చెప్పే అంకె, విషయం ఎవరికి తగునో చెప్పేది కాదు. రెండింటినీ కలిపేస్తే తప్పు అరలో పడుతుంది.

విషయం మీకు తెలిసినది కాకపోతే తెలిసినవారితో చదివించండి. శరీరం, ఆరోగ్యం గురించి అయితే ఏఎన్ఎమ్, సైన్సు అయితే హైస్కూలు మాస్టారు. "బాగుందా?" అని అడిగితే లాభం లేదు. "ఇందులో తప్పు సమాచారం ఉందా?" అని అడిగి, జవాబు రెండు వాక్యాల్లో రాయించుకోండి.

ఏ ఫిర్యాదుకి ఏ తీరు

అన్నిటినీ ఒకే గాటన కట్టడం వల్లే ఎక్కువ తగాదాలు వస్తాయి.

సమాచారం తప్పు అన్న ఫిర్యాదు అన్నిటికంటే తేలిక, అందులో తల్లిదండ్రులదే న్యాయం కావడం మామూలే. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో జిల్లాలు 13 నుంచి 26 అయ్యాయి. పాలకొండ శ్రీకాకుళం జిల్లా నుంచి పార్వతీపురం మన్యం జిల్లాకి వెళ్లింది, రాజాం విజయనగరం జిల్లాలోకి వచ్చింది. అంతకుముందు అచ్చయిన జనరల్ నాలెడ్జి పుస్తకం చదివి క్విజ్‌లో "పాలకొండ ఏ జిల్లా?" అన్నదానికి తప్పు చెప్పిన పిల్లవాడి తండ్రి కోపంలో తప్పేముంది? ప్లూటోని 2006లో గ్రహాల జాబితా నుంచి తీసేశారు, తొమ్మిది గ్రహాల పుస్తకాలు ఇంకా అరల్లో ఉన్నాయి. ఇలాంటి ఒక్క ఫిర్యాదు వస్తే ఆ అర మొత్తం తిరగేసి, పాతబడినవన్నీ ఒకే జాబితాగా ఉపసంహరణకి (గ్రంథాలయం లెక్కలోంచి తీసేయడానికి) పంపండి. ఆర్డరు వచ్చేలోగా లోపలి మొదటి పేజీలో సవరణ చీటీ అతికించవచ్చు. మైదా జిగురు వాడితే బొద్దింకలూ పురుగులూ పడతాయి, కొన్న తెల్ల జిగురే వాడండి. అచ్చు మీద పెన్నుతో దిద్దడం మాత్రం వద్దు.

భయపెట్టే కథల ఫిర్యాదు పుస్తకం తాలూకు కాదు, అర తాలూకు. పిల్లలు తిరిగి ఇచ్చిన పుస్తకాలు ఖాళీ ఎక్కడుంటే అక్కడ దూరిపోతాయి. వెన్ను మీద, నంబరు చీటీకి ఒక అంగుళం పైన, రంగు కాగితం పట్టీ అతికించండి: 6–8 ఏళ్లకి ఆకుపచ్చ, 9–11కి పసుపు, 12–14కి నీలం. దీనివల్ల అసలు మేలు అటెండరుకి, రంగు చూసి అయిదు నిమిషాల్లో సర్దేస్తాడు. పట్టీ సలహా మాత్రమేనని గోడ మీద రాసిపెట్టండి. బాగా చదివే రెండో తరగతి పాప పసుపు పట్టీ పుస్తకం అడిగితే "నీది కాదు" అని లాక్కోవడానికి కాదు అది.

భాష మీద వచ్చేవి మన ప్రాంతంలో ప్రత్యేకం. "ఇందులో మోటు మాటలున్నాయి, ఇవి చదివితే ఇస్కూల్లో మార్కులు పోతాయి" అని ఉత్తరాంధ్ర యాసలో ఉన్న కథల్ని తిప్పి కొట్టే తల్లిదండ్రులు తరచుగా వస్తారు. వాళ్లింట్లో మాట్లాడేదీ ఆ యాసే, అయినా అచ్చులో చూస్తే నామోషీ. 1863లో శ్రీకాకుళం జిల్లా పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి వ్యవహార భాష కోసం జీవితమంతా పోరాడారు, ఆయన పుట్టినరోజు ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా చేస్తున్నాం. ఇలాంటి పుస్తకాన్ని నిస్సంకోచంగా ఉంచండి. పరీక్షకి పనికొచ్చే ప్రామాణిక భాషలోని పుస్తకం ఒకటి చేతికిచ్చి, రెండూ తీసుకెళ్లమనండి. మందస, మెళియాపుట్టి వైపు శాఖల్లో సవర భాషలోని బొమ్మల పుస్తకాల మీద ఇదే మాట ఇంకో రకంగా వస్తుంది: "మావోడికి తెలుగు రావాలి గానీ ఇదెందుకు?" అని. ఇచ్ఛాపురం వైపు దీనికి ఎదురు ఫిర్యాదు, ఒడియా పుస్తకాలు చాలడం లేదని. అది కొనుగోలు జాబితాకి ఎక్కాల్సిన మాట, ఫిర్యాదుగా కాక ఇండెంటుగా (కావలసిన పుస్తకాల కోరికగా) రాసి పంపండి.

కులం పేరు తిట్టుగా వాడిన సామెతలు, కథలు పాత సంపుటాల్లో ఉన్నాయి. నల్లగా ఉన్నవాళ్లని, కుంటివాళ్లని ఎగతాళి చేసే కథలూ ఉన్నాయి. వీటి మీద ఫిర్యాదు అభిరుచికి సంబంధించినది కాదు. "పాత సామెతే కదా" అన్నారంటే ఫిర్యాదు ఇక పుస్తకం మీద ఉండదు, మీ మీదికి వస్తుంది. ఆ పేజీ తరగతిలో ఒకడు చదివితే పదిమంది ఏ పిల్లవాడి వైపు చూసి నవ్వుతారో ఆలోచించండి. అదే రోజు కార్యదర్శి గారికి ఫోన్, అదే రోజు కాగితం. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం, 1989 పేరు ఎత్తితే దాన్ని బెదిరింపుగా తీసుకోకండి, అది వారికున్న చట్టం. ఇలాంటివి పిల్లల అరలో ఉండక్కర్లేదన్నదే మా అభిప్రాయం. జానపద పరిశోధనకి పనికొచ్చే సంపుటమైతే పెద్దల రిఫరెన్సు విభాగానికి మార్చమని, లేకపోతే ఉపసంహరించమని సిఫారసు చేయండి. తీసే పని మాత్రం ఆర్డరుతోనే, ఫోన్ మీద అయినా ముందు సరే అనిపించుకుని వెంటనే రాతలో తెప్పించుకోవాలి.

శరీరంలో వచ్చే మార్పులు, నెలసరి, మంచి స్పర్శ–చెడు స్పర్శ పుస్తకాల దగ్గర మా తూకం ఉంచడం వైపే. సమాచారం సరైనదై, బొమ్మలు పాఠం చెప్పే బొమ్మలై ఉంటే పుస్తకం ఉండాలి. చాలామంది పాపలకి 10, 11 ఏళ్లకే మార్పులు మొదలవుతాయి, కాబట్టి 12–14 అరకి మార్చి చేతులు దులుపుకోవడం కూడా సరికాదు. వచ్చిన తల్లితో మహిళా సిబ్బంది ఉంటే వారే మాట్లాడటం మంచిది. పాప వయసు ఎనిమిదైతే ఆమె అభ్యంతరం ఆ పాప విషయంలో న్యాయమే.

మతం మీద వచ్చేవాటిలో చాలాభాగం విరాళాల నుంచి వస్తాయి. ఎంపికలో వచ్చిన పుస్తకానికి ఒక వడపోత ఉంటుంది. పండక్కో, ఎవరి జ్ఞాపకార్థమో అట్టపెట్టెలో వచ్చిన వాటికి ఉండదు, అందులో ప్రచార కరపత్రాలు కలిసి వస్తాయి. విరాళం పుచ్చుకునేటప్పుడే "తగినవే చేర్చుకుంటాం, మిగతావి తిరిగి ఇస్తాం" అని రసీదు మీద రాయండి. నంబరు పడ్డాక తీయడం పెద్ద తతంగం, పడకముందు చెప్పడం ఒక్క మాట. ఒక మతం కథలు ఉంటే మిగతా మతాల కథలూ ఉన్నాయో లేదో చూసి, లేకపోతే తెప్పించడం మేలైన జవాబు.

సినిమా వారపత్రికల బొమ్మలు, పిల్లలు అక్కడే కూర్చోవడం అన్నది బల్లలు మారిస్తే పోయే ఫిర్యాదు. ఒకే గది ఉన్న శాఖలో పిల్లలకి మీ కుర్చీ ఎదురుగా ఒక మూల చాప, ఎత్తు తక్కువ అర ఏర్పాటు చేసి, వారపత్రికలు అవతలి గోడ వైపు వేయండి. జరిమానాలు, చిరిగిన పుస్తకాల తగాదాలు ఈ లెక్కలోకి రావు, వాటికి రూల్సు ఉన్నాయి.

ఎవరు నిర్ణయించాలి

శాఖలో మీరు చేయగలిగినది అర మార్చడం, పట్టీ మార్చడం, ఆ కుటుంబం కార్డు మీద పెన్సిల్‌తో "పెద్దవారితో వచ్చినప్పుడే ఇవ్వాలి" అని రాసుకోవడం. కార్డు మీద ఇవ్వకుండా ఆపగలం గానీ హాల్లో కూర్చుని ఎవరు ఏం తిరగేస్తున్నారో కాపలా కాయలేం. ఆ సంగతి ముందే చెప్పండి. పుస్తకాన్ని ఉపసంహరించడం కార్యదర్శి ఆర్డరుతో జరగాలి. నిషేధం అన్నది అసలు వేరే సంగతి. అది ప్రభుత్వం చేతిలో పని, కారణాలు చూపి నోటిఫికేషన్ ఇవ్వాలి. పాత నేర విచారణ స్మృతిలో సెక్షన్ 95, 2024 జూలై 1 నుంచి భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో సెక్షన్ 98. పిల్లలకి హాని చేసే ప్రచురణల మీద 1956లో విడిగా ఒక చట్టం వచ్చింది. అందులోనూ పుస్తకాన్ని మొత్తంగా చూడమనే ఉంది, ఒక పేజీని కాదు. "దీన్ని బ్యాన్ చేయించండి" అని ఎవరైనా అంటే ఆ అధికారం మీకు లేదని మర్యాదగా చెప్పవచ్చు.

తేలని వాటికి ముగ్గురు చాలు: ఆ పిల్లవాడి బడి కాని వేరే బడి టీచరు ఒకరు, ఈ గొడవతో సంబంధం లేని సభ్యురాలైన ఒక తల్లి, పక్క శాఖ గ్రంథపాలకులు. వీరిని నియమించమని కార్యదర్శి గారిని కోరండి. ముగ్గురూ పుస్తకం మొత్తం చదవాలి, కలిసి కూర్చోకముందే ఎవరికి వారు అరపేజీ రాసి తేవాలి. ముందు రాయకపోతే మొదట నోరు తెరిచినవారి మాటే ముగ్గురి మాట అయిపోతుంది. ఫిర్యాదుదారుకి పది నిమిషాలు మాట్లాడే అవకాశం ఇవ్వండి, నిర్ణయం తీసుకునేటప్పుడు వారు గదిలో ఉండకూడదు.

నిర్ణయం ఏదైనా రిజిస్టర్లలో పడాలి. అర మారితే పరిగ్రహణ రిజిస్టర్ రిమార్కుల గడిలో తేదీ, ఆర్డరు ఉంటే దాని నంబరు, వెన్ను మీద కొత్త చీటీ, కార్డు క్యాటలాగు ఉన్నచోట అందులోనూ మార్పు. ఉపసంహరిస్తే అదే రిజిస్టర్‌లో ఎర్ర సిరాతో నమోదు, ముఖపత్రం మీద "ఉపసంహరించడమైనది" అన్న ముద్ర. అదే పుస్తకం మిగతా శాఖల్లోనూ ఉంటుంది కాబట్టి వాటికీ సమాచారం వెళ్లాలి. లేకపోతే ఆముదాలవలసలో తీసినదాన్ని ఫిర్యాదుదారు నరసన్నపేటలో చూసి మళ్లీ మొదలుపెడతారు.

జవాబు

పాము చావకుండా, కర్ర విరగకుండా రాసే జవాబు వల్ల రెండో ఉత్తరం వస్తుంది. "తగు చర్యలు తీసుకోబడును" అని రాయొద్దు. ఏం చదివారు, ఏం తేలింది, ఏం చేస్తున్నారు, ఏం చేయడం లేదు, ఎందుకు, ఒప్పుకోకపోతే ఎవరికి రాయాలి. ఒక నమూనా:

"శ్రీమతి ... గారికి. మీరు ... తేదీన ఇచ్చిన అర్జీ (ఇన్వార్డు నం. ...) అందింది. మీరు చెప్పిన పుస్తకాన్ని మొదటి నుంచి చివరి వరకు చదివాం. 14, 15 పేజీల్లో ఉన్నది ఎదిగే వయసులో ఆడపిల్లల శరీరంలో వచ్చే మార్పుల గురించిన సమాచారం. అందులో తప్పు లేదని ఆరోగ్య కార్యకర్త చూసి చెప్పారు. చాలామంది పిల్లలకు 10, 11 ఏళ్లకే ఈ మార్పులు మొదలవుతాయి కాబట్టి పుస్తకాన్ని 9–11 ఏళ్ల అరలో ఉంచుతున్నాం, తొలగించడం లేదు. మీ పాపకు ఎనిమిదేళ్లని రాశారు. 6–8 ఏళ్ల పుస్తకాలను విడిగా సర్దాం. మీ కోరిక ప్రకారం పాప కార్డు మీద పుస్తకాలను మీరు వెంట ఉన్నప్పుడే ఇస్తాం. ఈ నిర్ణయం మీకు సమ్మతం కాకపోతే 30 రోజుల్లోగా కార్యదర్శి, జిల్లా గ్రంథాలయ సంస్థ వారికి రాయవచ్చు."

ఇచ్చే ముందు ఫోన్ చేసి సారాంశం చెప్పండి. కాగితంలో "తొలగించడం లేదు" అన్న ముక్క ముందుగా చెవిన పడి ఉంటే చదివేటప్పుడు అంత గుచ్చుకోదు.

మాట బయటికి పోతే

ఊరి వాట్సాప్ గ్రూపులో ఒక పేజీ ఫోటో పడితే గోరంత కొండంత అవుతుంది. ఆ గ్రూపులో మీరు వాదనకి దిగొద్దు. అడ్మిన్ తెలిసినవారైతే "పుస్తకం గ్రంథాలయంలో ఉంది, పనివేళల్లో వచ్చి పూర్తిగా చదవొచ్చు" అన్న ఒక్క వాక్యం పెట్టమని అడగండి. ఆ రెండు రోజులు పుస్తకం నిజంగా అక్కడ ఉండాలి. వచ్చినవారికి కనబడకపోతే దాచేశారంటారు. విలేకరి వస్తే ఫారం నకలు గానీ, పిల్లల వివరాలు గానీ ఇవ్వకండి. కార్యదర్శి గారు మాట్లాడతారని చెప్పి, ఆయనకి ఆ క్షణమే ఫోన్ చేయండి. పేపర్లో చదివి తెలుసుకున్న పై అధికారికి మీ వాదన వినే ఓపిక ఉండదు.

నాయకుల ఫోన్ వస్తే: "అర్జీ అందిందండీ, ఫలానా తేదీలోగా జవాబు ఇస్తున్నాం." అంతే. ఫోన్ వచ్చిన సంగతి నోట్‌బుక్కులో ఒక వాక్యంగా ఎక్కించండి. ఎవరైనా కోపంలో పేజీ చింపితే ఘర్షణ పడకండి. చూసిన ఇద్దరి సంతకాలతో అక్కడే చిన్న నోట్ రాసి, చిరిగిన ముక్కలు కవర్లో పెట్టి పంపండి.

సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికకి అర్జీ వెళ్తే అది తిరిగి మీ దగ్గరికే వివరణ కోసం వస్తుంది. ఇన్వార్డు నంబరు, చదివిన నోట్, ఇచ్చిన జవాబు నకలు జతచేస్తే గంటలో పని అయిపోతుంది. సమాచార హక్కు దరఖాస్తు వస్తే 30 రోజుల గడువు. పుస్తకం ఎప్పుడు కొన్నారు, ఎంతకి, ఎన్నిసార్లు ఇష్యూ అయింది అన్నవి ఇవ్వొచ్చు. ఎవరెవరు తీసుకున్నారు అన్నది వ్యక్తిగత సమాచారం, ఆ ముక్క ప్రజా సమాచార అధికారికి ప్రత్యేకంగా చూపించి పంపండి. ఇష్యూ రిజిస్టర్ బల్ల మీద తెరిచి వదిలేసే అలవాటు ఉంటే ఇదే సందు చేసుకుని మానేయండి. ఒక తల్లికి ఇంకొకరి పాప ఏం చదివిందో అక్కడే కనబడిపోతుంది.

ఫైలు మూసేటప్పుడు అర్జీదారు పేరుతో కాకుండా పుస్తకం పేరుతో పెట్టండి. అదే పుస్తకం మీద ఏడాదిలోగా అదే అభ్యంతరంతో ఇంకొకరు వస్తే మళ్లీ మొదటి నుంచి చదవాల్సిన పనిలేదు, పాత నిర్ణయం నకలు మీద కొత్త తేదీ వేసి ఇవ్వొచ్చు. కొత్త పేజీ చూపిస్తే మాత్రం కొత్త ఫారం.